కంట్లో ఇనుప రజను దిగినా నొప్పి తెలియలేదు, ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 53 ఏళ్ళు. బాలానగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది, గ్రైండింగ్ పని కూడా చేస్తాం. షుగర్ వచ్చి 14 ఏళ్ళయింది, మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.6. అరికాళ్ళు రెండేళ్ళ నుంచి మొద్దుబారి ఉన్నాయి, మంటలు కూడా, దానికి రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటున్నాను. రెండు నెలల కింద కుడి కన్ను మసకగా ఉంటే కళ్ళజోళ్ళ షాపులో నంబరు మారిందని అద్దాలు మార్చారు. పదిహేను రోజులకి మళ్ళీ మసకే, మళ్ళీ మార్చారు. కొంచెం ఎర్రగా ఉందని మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేసుకున్నాను. చివరికి మా అమ్మాయి గొడవ చేస్తే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మెషీన్‌లో చూసి నల్లగుడ్డులో ఇనుప రజను దిగి ఉంది, చుట్టూ తుప్పు కూడా పట్టింది, ఇన్ని రోజులు నొప్పి లేకుండా ఎట్లా ఉన్నావయ్యా అన్నారు. నిజంగా నాకేం తెలియలేదు. తీసేశారు, రెండు మూడు రోజుల్లో మానుతుందన్నారు. ఇవాళ్టికి 24 రోజులు, పుండు అట్లాగే ఉంది. షుగర్ వల్ల కంటి నరం దెబ్బతిన్నదంటున్నారు. పోయినేడు రెటీనా పరీక్షలో అంతా బాగుందన్నారు కదా, మరి ఇదేమిటి? నొప్పి లేదు కాబట్టి భయపడాల్సిందేం లేదని షాపులో అందరూ అంటున్నారు. ఎడమ కంటికి శుక్లం మొదలైందట, ఆపరేషన్ చేయించుకోవచ్చా? ఇంకో చిన్న మాట, నేత్రదానానికి ఎప్పుడో ఫారం రాసిచ్చాను. షుగర్ వాళ్ళ కళ్ళు పనికొస్తాయా, లేక ఆ కాగితం చించేయమంటారా?

సమాధానం:

అన్నా, మీ షాపులో వాళ్ళ మాట ముందు పక్కన పెట్టేయండి. ఒక మామూలు మనిషి కంట్లో రవ్వంత ఇసుక పడితే వాడు బండి ఆపి, రోడ్డు పక్కన నిలబడి, కళ్ళనీళ్ళు కారుస్తూ ఎవరినో ఊదమని బతిమాలతాడు. మీ కంట్లో ఇనుము దిగి, తుప్పు పట్టేదాకా మీరు గ్రైండింగ్ చేసుకుంటూ కూర్చున్నారు. తుప్పు ఉంగరంలా కట్టడానికి కొన్ని గంటలు చాలు గానీ, మీ కథ వింటే వారాలుగా ఉన్నట్టే అనిపిస్తోంది. ఇది ఓర్పు కాదు. షుగర్ ముదిరి నరాలు పోయినవాడికి చెప్పులో రాయీ తెలియదు, కంట్లో నలుసూ తెలియదు. మీ రోగమే నొప్పి లేకపోవడం, దాన్ని పట్టుకుని ధైర్యం తెచ్చుకుంటే ఎట్లా?

నేను ఈ మాట ఇంత కటువుగా అనడానికి ఒక కారణం ఉంది. హౌస్ సర్జన్సీ చేస్తున్న రోజుల్లో మా మేనమామ ఊరి నుంచి ఫోన్ చేశాడు, కన్ను ఎర్రబడిందిరా, చూపు మంచు కమ్మినట్టుంది అని. నొప్పి ఉందా మామా అంటే లేదన్నాడు. అయితే కంగారేం లేదు, వీలైనప్పుడు రా చూద్దాం అన్నాను. ఆయనకి ఇరవై ఏళ్ళ షుగర్ అని నాకు తెలుసు, తెలిసీ అట్లా అన్నాను. ఆయన వచ్చేసరికి మూడు వారాలైంది, ఆలోగా అత్తయ్య నందివర్ధనం పూల రసం కూడా పిండింది. ఇప్పటికీ ఆ కంట్లో తెల్లగా పువ్వు ఉంది, పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డప్పుడల్లా నా చూపు ముందు దాని మీదికే పోతుంది. ఆయన ఏమీ అనడు. అందుకని "నొప్పి లేదు" అనే మాట షుగర్ పేషెంట్ నోటి నుంచి వస్తే నాకు ఊరట కలగదు, టెన్షన్ మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. నల్లగుడ్డు అని మనం అనేదానికి ముందు, వాచీ మీద అద్దంలాగా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, అదే కార్నియా. మధ్యలో మందం అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అందులో రక్తనాళాలు ఉండవు, ఉంటే వెలుగు లోపలికి పోదు కదా. రక్తం లేదు గానీ నరాలు మాత్రం ఒంట్లో ఇంకెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి, చర్మంతో పోలిస్తే 300 నుంచి 600 రెట్లు అని మా పుస్తకాల్లో లెక్క. ముఖానికి స్పర్శ ఇచ్చే అయిదో కపాల నరం నుంచి ఒక కొమ్మ వచ్చి, కార్నియా అంచు దాటగానే తన మీదున్న కొవ్వు తొడుగు వదిలేసి, సాలెగూడు పోగుల్లాగా సన్నగా విడిపోయి పై పొర కిందంతా అల్లుకుంటుంది. ఆ తొడుగు ఉంటే పారదర్శకత పోతుంది కాబట్టి అట్లా వదిలేస్తుంది. వైరు మీద రబ్బరు తీసేసి లోపలి రాగి తీగ బయటపెట్టినట్టు అనుకోండి, మీ షాపులో రోజూ చూసేదే.

మామూలుగా న్యూరోపతి, అంటే నరాలు దెబ్బతినడం అనగానే కాళ్ళే గుర్తొస్తాయి. అక్కడి నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడుగు కాబట్టి ముందు అవి తెలుస్తాయి. కానీ షుగర్ మొదట కొరికేది సన్న నరాలని, తొడుగు లేనివాటిని. కార్నియాలో ఉన్నవన్నీ దాదాపు అటువంటివే. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరం లోపల అది సార్బిటాల్ అనే ఇంకో రూపంలోకి మారి పేరుకుంటుంది, నరానికి తిండి పెట్టే సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి, ప్రోటీన్లకి చక్కెర అతుక్కుని అవి బిరుసెక్కుతాయి. మీ అరికాళ్ళలో రెండేళ్ళుగా జరుగుతున్నదే కంట్లోనూ జరిగింది. కాకపోతే అరికాలు మొద్దుబారితే నేల మీద అడుగు వేసినప్పుడు దూది మీద నడిచినట్టుంటుంది కాబట్టి మీకు తెలిసింది. కన్ను మొద్దుబారితే తెలిసే దారి లేదు. పైగా ముందు కన్నా హాయిగా ఉందనిపిస్తుంది, గ్రైండింగ్ పొగకి మంట కూడా రాదు.

నొప్పి ఒక్కటే పోయి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ నరం చేసే పనులు ఇంకా మూడు ఉన్నాయి, మీ పుండు మానకపోవడానికి కారణాలు అక్కడే ఉన్నాయి. కంటికి రెప్పలా అంటాం, కానీ ఆ రెప్పకి కబురు పంపేది ఈ నరమే. కన్ను కాస్త ఆరగానే అది మెదడుకి చెబితే రెప్ప పడుతుంది, నిమిషానికి పది పదిహేను సార్లు. నరం మొద్దుబారితే రెప్పలు వేయడం తగ్గుతుంది. కన్నీళ్ళు ఊరమని గ్రంథికి చెప్పేది కూడా అదే, కాబట్టి నీళ్ళు తగ్గుతాయి. మూడోది, చాలామందికి తెలియనిది, ఆ నరాల కొసల నుంచి కొన్ని పదార్థాలు ఊరి పై పొర కణాలకి ఒక రకంగా తిండి పెడతాయి, పెరగండి, పుండు మూసేయండి అని వాటిని ఉసిగొల్పేది అవే. కార్నియా పై పొర వారం పది రోజులకోసారి పూర్తిగా కొత్తదైపోతుంది, అంత చురుకైనది, అందుకే మామూలు మనుషుల్లో గీసుకున్నా రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది. నరం ఎండిపోతే ఆ చురుకు పోతుంది. నీళ్ళు అందని మడిలా ఉంటుంది పరిస్థితి, విత్తనం ఉన్నా మొలక రాదు.

దీనికి తోడు షుగర్ ఆ పై పొర కింద ఉండే పునాది పొరను కూడా పాడుచేస్తుంది. అది మందమెక్కి, పట్టు వదులుతుంది. తడి గోడ మీద సున్నం పెచ్చులూడినట్టు, కొత్తగా వచ్చిన కణాలు కూడా అంటుకోకుండా ఊడిపోతుంటాయి. కొందరికి పొద్దున లేచి కన్ను తెరవగానే, రెప్పతో పాటు ఆ పొర కూడా కొంత లేచిపోతుంది. మీ డాక్టర్ గారు రోజూ చూసి "నిన్న కొంచెం మూసుకుంది, ఇవాళ మళ్ళీ తెరుచుకుంది" అంటున్నారంటే ఆయన తప్పు కాదు.

రెటీనా బాగుంది కదా అన్నారు. రెటీనా కంటి వెనక గోడ, కార్నియా ముందు అద్దం. పోయినేడు మీకు చేసింది వెనక రక్తనాళాల పరీక్ష. చాలా చోట్ల దానికి ముందు కంట్లో పాప పెద్దదయ్యే చుక్కలు, ఒత్తిడి చూడటానికి మత్తు చుక్కలు వేస్తారు. మత్తు పడ్డాక ఇక స్పర్శ ఉందో లేదో చూసే అవకాశమే ఉండదు. నిజం చెప్పాలంటే మా వాళ్ళలో చాలామంది కార్నియా స్పర్శ పరీక్ష చేయరు, ఓపీలో వంద మంది వరసలో ఉంటే ఎవరికి గుర్తుంటుంది. చేయడం మాత్రం పావు నిమిషం పని. దూదిని సన్నటి పోగులా మెలితిప్పి, పక్క నుంచి తెచ్చి కార్నియాకి తాకిస్తారు. రెప్ప టక్కున పడితే నరం ఉన్నట్టు. కొన్ని చోట్ల నైలాన్ దారం ఉన్న పెన్ను లాంటి పరికరం ఉంటుంది, దారం పొడుగు 6 సెంటీమీటర్ల నుంచి తగ్గిస్తూ ఎక్కడ తెలుస్తుందో చూస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు మీరే అడగండి, మత్తు చుక్క వేయకముందే రెండు కళ్ళకీ స్పర్శ చూడండి సార్ అని. రెండు కళ్ళకీ అని ఎందుకన్నానంటే షుగర్ ఒక కంటిని చూసి ఇంకో కంటిని వదిలేయదు. ఇనుప రజను కుడి కంట్లో పడింది కాబట్టి అది బయటపడింది, అంతే తేడా.

రెటీనా బాగున్నవాళ్ళలో కూడా కార్నియా నరాలు పలచబడటం పరిశోధనల్లో కనిపించింది. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ అనే యంత్రం ఉంది, కోత లేకుండా, రక్తం చుక్క తీయకుండా కార్నియాలోని నరాల పోగుల్ని ఫొటో తీస్తుంది. కాళ్ళలో తిమ్మిర్లు మొదలుకాకముందే కంట్లో నరాలు తగ్గడం దాంతో పట్టుకోవచ్చని రయాజ్ మాలిక్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు ఇరవై ఏళ్ళకి పైగా చూపిస్తూ వస్తున్నారు. ఒంట్లో స్పర్శ నరాన్ని కోయకుండా నేరుగా చూడగలిగే చోటు ఇది. మీకు ఆ పరీక్ష తప్పనిసరి ఏమీ కాదు, 24 రోజుల పుండు ఉన్న మనిషికి నరం సంగతి ఫొటో తీసి చెప్పక్కర్లేదు.

కళ్ళద్దాల సంగతి. రక్తంలో చక్కెర ఎక్కువ తక్కువలు అవుతుంటే కంటి లోపలి లెన్స్ ఉబ్బి తగ్గుతుంది, నంబరు నిజంగానే మారుతుంటుంది, కాబట్టి ఆ షాపతను మిమ్మల్ని మోసం చేశాడని అనుకోను. కానీ ఒక కన్ను మాత్రమే మసకైతే, అది ఎర్రగా కూడా ఉంటే అద్దాల షాపుకి పోయే కేసు కాదు అది. రెండుసార్లు అద్దాలకి పెట్టిన డబ్బుతో మంచి గాగుల్స్ నాలుగు జతలు వచ్చేవి.

నాకు కోపం వచ్చింది మెడికల్ షాపు చుక్కల దగ్గర. సీసా మీద ఏం రాసి ఉందో మీరు రాయలేదు, వెంటనే తీసి చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. ఎరుపు మంత్రం వేసినట్టు పోతుంది, కింద పుండు మాత్రం మానదు, ఫంగస్ గనక ఉంటే దానికి పండగే. మన దక్షిణాదిలో కార్నియా పుండ్లలో ఫంగస్‌వి చాలా ఎక్కువ. మట్టి, ఆకులు, పొట్టు కంట్లో పడ్డవాళ్ళకి ముఖ్యంగా. కీటొరొలాక్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి చుక్కలైతే అవి ఇంకో రకం ప్రమాదం, షుగర్ ఉండి నరం లేని కంట్లో కార్నియా కరిగిపోయిన కేసులు వాటివల్ల ఉన్నాయి. కరగడం అంటే ఊరికే రాయలేదు, నిజంగానే పలచబడి రంధ్రం పడుతుంది. ఇంకొకటి, మీ లైనులో వెల్డింగ్ చేసేవాళ్ళు, గ్రైండింగ్ చేసేవాళ్ళు జేబులో మత్తు చుక్కల సీసా పెట్టుకుని తిరగడం నేను చూశాను, నలుసు పడితే ఒక చుక్క వేసుకుని మళ్ళీ పనిలో దిగుతారు. అది కంటికి విషం. మీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళ జేబుల్లో ఉంటే లాక్కుని డ్రైనేజీలో పారబోయండి, వాళ్ళు తిడితే నా పేరు చెప్పండి. ఆముదం, తేనె, పాలు, పూల రసాలు వద్దని వేరే చెప్పాలా? మా మామ సంగతి చదివారు కదా.

ఇప్పుడు చికిత్స ఎట్లా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే మీ డాక్టర్ ఒక్కో మెట్టు ఎక్కుతున్నప్పుడు మీరు మధ్యలో భయపడి పారిపోకూడదు. ఇటువంటి కంటిని మేం మూడు దశలుగా చూస్తాం. పై పొర గరుకుగా, చుక్కలు చుక్కలుగా ఉండటం మొదటిది. పై పొర ఊడి, రెండు వారాలైనా మూసుకోకుండా ఉండటం రెండోది, మీరున్నది ఇక్కడ. లోపలి పొర కూడా తినేసి గుంట పడటం మూడోది, అక్కడికి పోనివ్వకూడదు. ఆరెంజ్ రంగు మందు వేసి నీలం లైటులో చూస్తే పొర లేని చోటు పచ్చగా మెరుస్తుంది, మీకూ అదే చేసి ఉంటారు, ప్రతిసారీ దాని కొలత రాయమని అడగండి, ఎన్ని మిల్లీమీటర్లు అని. అంకె ఉంటే తగ్గుతోందో పెరుగుతోందో మీకే తెలుస్తుంది.

మొదట అనవసరమైన చుక్కలన్నీ ఆపేసి, ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు రాస్తారు. మామూలు సీసాల్లో చెడిపోకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఈ కంటికి పడదు, అందుకే చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చేవి వాడమంటారు. ఖరీదు కాస్త ఎక్కువే, కానీ ఇక్కడ పీనాసితనం వద్దు. పుండులో క్రిములు చేరకుండా యాంటీబయాటిక్ ఇస్తారు. నంబరు లేని మెత్తటి కాంటాక్ట్ లెన్స్ ఒకటి కట్టులాగా పెట్టొచ్చు, రెప్ప రాపిడి తగలకుండా. అది పెడితే చెప్పిన రోజుకి వెళ్ళి చూపించుకోవాల్సిందే, షుగర్ కంట్లో లెన్స్ కింద ఇన్‌ఫెక్షన్ వస్తే నొప్పి లేక మీకు తెలియదు కాబట్టి. వీటికి లొంగకపోతే మీ రక్తమే తీసి, అందులో సీరం వేరుచేసి, పలచన చేసి చుక్కల మందులా ఇస్తారు. నరం ఇవ్వలేకపోతున్న పోషక పదార్థాల్లో కొన్ని అందులో ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, పిల్లలు చూసి జడుసుకోకుండా సీసా మీద పేరు రాసి పెట్టండి. ఆ పైన కాన్పు తర్వాత వచ్చే మాయలోని పలుచని పొరను శుభ్రం చేసి కంటి మీద పరచడం ఉంది, వినడానికి ఎట్లాగో ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది.

రెప్పలు కొంతవరకు కుట్టేయడం అనేది కూడా ఒకటి. ఈ మాట చెప్పగానే మా ఓపీలో సగం మంది లేచి వెళ్ళిపోతారు, అందం పోతుందని, లోకం ఏమంటుందని. ఎన్ని కొత్త మందులు వచ్చినా ఈ పాత పద్ధతిని మించింది అరుదు అని నా అభిప్రాయం, కుట్టు విప్పేసుకోవచ్చు, కార్నియాకి రంధ్రం పడితే దాన్ని వెనక్కి తేవడం అంత తేలిక కాదు. మీకు అంతదాకా రాకపోవచ్చు, వస్తే మాత్రం పారిపోకండి.

నరాన్ని పెంచే ప్రోటీన్ ఒకటి ఉంది, నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు. దాన్ని కనిపెట్టినందుకు ఇటలీలో పుట్టిన రీటా లెవీ మాంటాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌తో కలిపి 1986లో నోబెల్ ఇచ్చారు. ఆ ప్రోటీన్‌తోనే చేసిన సెనెజెర్మిన్ అనే చుక్కల మందుకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది, రోజుకి ఆరుసార్లు చొప్పున ఎనిమిది వారాలు వేయాలి. అక్కడి ధర మన రూపాయల్లో లక్షల్లో ఉంటుంది. మీ అమ్మాయి ఇంటర్నెట్‌లో ఎక్కడో చూసి "నాన్నా ఇది తెప్పిద్దాం" అంటుందేమో, అందుకే ముందే చెప్తున్నాను, పై మెట్లన్నీ ఎక్కకుండా దాని గురించి ఆలోచించొద్దు.

ఇంకో వారంలో పుండు తగ్గుముఖం పట్టకపోతే కార్నియా ప్రత్యేకంగా చూసే డాక్టర్ దగ్గరికి పంపమని మీ డాక్టర్ గారినే అడగండి, ఆయన ఏమీ అనుకోరు. మన హైదరాబాద్‌లో దీనికి కొరత లేదు. బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర సంస్థ 1987 నుంచి ఉంది, కార్నియా పనికి ప్రపంచంలో పేరున్న చోటు. ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే మెహదీపట్నంలో సరోజినీ దేవి ఉంది. ఎక్కడికి వెళ్ళినా పాత చీటీలు, వాడిన చుక్కల సీసాలు అన్నీ సంచిలో వేసుకుని పోండి, "ఏవో చుక్కలు సార్" అంటే మాకు ఏం అర్థం కాదు.

ఇక ఇంట్లో మీరు చేయాల్సింది. కన్ను చెప్పడం లేదు కాబట్టి మీరే చూడాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూసుకోండి, తెల్ల మచ్చ ఉందా, ఎరుపు పెరిగిందా, పుసి కడుతోందా అని. తర్వాత ఒక్కో కన్ను మూసి గోడ మీద క్యాలెండర్‌లో తిథి, నక్షత్రం దగ్గరున్న చిన్న అక్షరాలు చదవండి, రోజూ అదే దూరం నుంచి. నిన్న చదవగలిగింది ఇవాళ చదవలేకపోతే అదే మీకు నొప్పి అనుకోండి. తెల్ల మచ్చ కనిపించినా, చూపు ఒక్కసారిగా తగ్గినా, కంట్లోంచి వేడి నీళ్ళు బుడుక్కున కారినట్టు అనిపించినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, ఆదివారమైనా, బోనాలైనా. కన్ను నొక్కొద్దు, రుద్దొద్దు, షాపులో చేతులు తుడుచుకునే తువ్వాలుతో అసలే వద్దు.

రాత్రి మీరు నిద్రపోయాక రెప్పలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో మీ ఇంటావిడను చూడమనండి, చాలామందికి సందు ఉండిపోతుంది, దాంట్లోంచి ఫ్యాను గాలి నేరుగా కార్నియాకే కొడుతుంది. సందు ఉంటే రాత్రిపూట వేసుకునే ఆయింట్‌మెంట్ ఉంది. బండి మీద హెల్మెట్ అద్దం దించుకోండి, బాలానగర్ దుమ్ము సంగతి మీకు నేను చెప్పాలా. గ్రైండింగ్ దగ్గర మాత్రం పక్కలు కూడా మూసి ఉండే పాలీకార్బొనేట్ గాగుల్స్ లేకుండా ఇక చక్రం ఆన్ చేయకూడదు, చెమటకి మసకేస్తుంది అనే సాకు వద్దు. పుండు మానేదాకా మీరు లెక్కలు చూసుకుంటూ కూర్చోండి, పని కుర్రాళ్ళు చేస్తారు.

కాళ్ళ మంటలకి వేసుకునే ఆ రాత్రి మాత్ర పేరు చూడండి. అమిట్రిప్టిలిన్ అయితే మంటలు తగ్గిస్తుంది గానీ నోరు, కళ్ళు ఎండగడుతుంది. మీరే ఆపేయకండి, రాసిన డాక్టర్‌కి కంటి సంగతి చెప్పి మార్చొచ్చేమో అడగండి. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బీ12 కూడా పరీక్ష చేయించండి, అది తగ్గినా నరాలు దెబ్బతింటాయి, శాకాహారులైతే మరీను.

షుగర్ సంగతి మీకు తెలియనిది కాదు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క తేల్చింది, మీరొక్కరే పాపం చేసుకోలేదు. 9.6ని 7 దగ్గరికి తేవాలి, అయితే ఈ ఉత్తరం చదివిన ఊపులో అన్నం మానేసి నెలలో దించేయాలని చూడకండి. ఏళ్ళుగా ఎక్కువున్న షుగర్ గబుక్కున పడిపోతే నరాల మంటలు పెరగొచ్చు, రెటీనా కూడా కొన్నాళ్ళు దెబ్బతినొచ్చు. మీ షుగర్ డాక్టర్‌తో మాట్లాడి నెలనెలా దించుకోండి. పోయిన నరాలు మళ్ళీ వస్తాయా అంటే, పాంక్రియాస్ (ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి) మార్పిడి జరిగి షుగర్ పూర్తిగా అదుపులోకి వచ్చినవాళ్ళలో ఏడాదిలోపే కార్నియా నరాలు మళ్ళీ మొలవడం కాన్‌ఫోకల్‌లో కనిపించింది. మందులతో అంత వేగంగా రాకపోవచ్చు, కానీ ఆ నరానికి తిరిగి మొలిచే గుణం ఉంది, అవకాశం ఇవ్వాల్సింది మీరు.

శుక్లం ఆపరేషన్ చేయించుకోవచ్చు, ఇప్పుడే కాదు. కుడి కన్ను మానాలి, ఎడమ కంటికి స్పర్శ ఎంతుందో, నీళ్ళు ఎంత ఊరుతున్నాయో చూడాలి, కాగితం పట్టీ పెట్టి అయిదు నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూసే పరీక్ష అది. శుక్లం ఆపరేషన్‌లో కార్నియా అంచున చిన్న కోత పెడతారు, అక్కడ ఇంకొన్ని నరాలు తెగుతాయి. పై పొర గరుకుగా ఉంటే లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్క కూడా తప్పుతుంది. కాబట్టి ఎవరు చేసినా "సార్, నా కుడి కంట్లో ఇట్లా అయింది, 24 రోజులు దాటినా పుండు మానలేదు" అని ముందే చెప్పండి, ఆపరేషన్ తర్వాత నొప్పి చుక్కలు రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ప్యాకేజీ తగ్గింపు ఈ నెలాఖరు వరకే అని ఎవరైనా తొందరపెడితే అక్కడ చేయించుకోకండి.

ఆ నేత్రదానం కాగితం చించకండి. షుగర్ ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, కళ్ళద్దాలవాళ్ళు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు కూడా ఇవ్వొచ్చు. పుచ్చుకున్న కార్నియాను ఐ బ్యాంకులో పరీక్ష చేసి పనికొస్తుందో లేదో వాళ్ళే తేలుస్తారు, మీ నరాలు మొద్దుబారినా ఆ అద్దం ఇంకొకరికి పనికిరావచ్చు. మనిషి చనిపోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలి కాబట్టి ఆ ఫారం సంగతి అమ్మాయికి తెలియాలి, బీరువాలో ఎల్ఐసీ కాగితాల అడుగున దాచితే లాభం లేదు. అయినా దానికి ఇంకా చాలా టైముంది. ముందు ఆ చుక్కల సీసా మీద ఏం రాసి ఉందో చూసి, రేపు పొద్దున్నే దాన్ని పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.